తిరుమల కొండని రాగిరేకు మీద గీయాలంటే

కపిలతీర్థం దగ్గర నిలబడి సాయంత్రం ఎండలో కొండని చూడండి, పైన గోడ కట్టినట్టు నిలువుగా ఎర్రటి రాయి, దాని కింద చెట్లూ బండలూ ఉండే వాలు. పైది నగరి క్వార్ట్‌జైట్, అడుగున దానికంటే ఎంతో పాత గ్రానైట్, ఈ రెండూ కలిసే చోటు ఘాట్ రోడ్డులో కనిపిస్తుంది కూడా. ఎచింగ్ (రేకుకి మైనం పూసి, సూదితో బొమ్మ గీసి, ఆ గీతల్ని ద్రావకంతో తినిపించి, ఇంకు పెట్టి అచ్చేసే పద్ధతి) నేర్చుకునేదానికి ఇంతకంటే మంచి కొండ ఇంకేం కావాల, పైన పొడుగు గీతలు, కింద పొట్టి గీతలూ చుక్కలూ, అంతే.

రాగిరేకు అంచుల్ని ఆకురాయితో ఏటవాలుగా అరగదీయండి, లేకపోతే ప్రెస్‌లో పేపర్ తెగిపోతుంది. జిడ్డు పోయేదాకా కడిగి, రేకుని కొంచెం వేడి చేసి తేనెమైనం, బిటుమెన్, రోజిన్ కలిపిన గ్రౌండ్‌ని (ద్రావకం తినకుండా రాగిని కాపాడే పూత) రోలర్‌తో పల్చగా పట్టించండి. సూదితో గీసేటప్పుడు ఆ మైనం పొర లేస్తే చాలు, రాగిని చెక్కక్కర్లేదు. బొమ్మ మాత్రం తిరగేసి గీయాల, ప్రింట్‌లో కుడి ఎడమలు మారిపోతాయి కదా. నేను మొదటిసారి ఉన్నది ఉన్నట్టే గీసేశాను, ప్రింట్ చూసి మా అమ్మ "ఇది మన కొండ కాదే" అనింది.

అసలు పని ద్రావకంలోనే ఉంది. కొండ దూరంగా కనపడాలంటే సన్నగా గీస్తే సరిపోదు, తక్కువసేపు తినిపించాల. సర్క్యూట్ బోర్డులకి వాడే ఫెర్రిక్ క్లోరైడే ఇది, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతుంది, గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, వాడేసింది సింకులో పొయ్యొద్దు. మడ్డి గీతల్లో పేరుకోకుండా రేకుని బోర్లా ఉంచండి. నేనైతే 5 నిమిషాలకి తీసి కడిగి ఆరబెట్టి, బాగా వెనకుండే వరసని ద్రావకం ఇక తినకుండా వార్నిష్ పూసేస్తా, ఇంకో 10 నిమిషాలయ్యాక మధ్య కొండకి పూస్తా, ముందుండే బండల్ని ఇంకో 25 నిమిషాలు వదిలేస్తా. మే నెలలో ద్రావకం వేడెక్కి తొందరగా తినేస్తుంది కాబట్టి ముందు ఒక చిన్న ముక్క మీద చూసుకోండి. గ్రౌండ్ తుడిచాక గోరుతో రాస్తే బండ గీతలకి తట్టుకోవాల, దూరం కొండ గీత తగలనే కూడదు.

రంగులు కావాలనుకునేవాళ్ళు మన కృష్ణారెడ్డి గారి పని తప్పకుండా చూడాల. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, ప్యారిస్‌లో అటెలియే 17 అనే ప్రింట్ల స్టూడియోలో పనిచేసి, ఒకే ప్లేటు మీద చాలా రంగులు ఒకేసారి అచ్చేసే విస్కాసిటీ పద్ధతిని రూపుదిద్దినవాళ్ళలో ఆయనొకరు. 1972లో పద్మశ్రీ వచ్చింది, అయినా మన ఊళ్ళల్లో ఆయన పేరు ఎంతమందికి తెలుసు, అదే నా బాధ. నూనె ఎక్కువుండే పల్చటి ఇంకుని గట్టి రోలర్‌తో పై భాగాలకి పట్టించి, చిక్కటి ఇంకుని మెత్తటి రోలర్‌తో దొర్లిస్తే అది పల్చటి ఇంకు మీద అంటుకోకుండా లోతుల్లోకి పోతుంది. దీనికి రేకులో ఎత్తుపల్లాలు బాగా ఉండాల.

నల్ల ఇంకుతో అయితే సులువే, గీతల్లోకి బాగా రుద్ది, గంజి పెట్టిన నెట్ గుడ్డతో తుడిచి, చివర్లో అరచేత్తో ఒకసారి రాయండి, నానబెట్టి తడి అద్దిన పేపర్ పరిచి, పైన ఫెల్టు వేసి ప్రెస్ తిప్పండి. పేపర్‌ని ఒక మూల నుంచి మెల్లగా లేపండి. దూరం కొండ మరీ నల్లగా వచ్చిందా, రేకు పారెయ్యొద్దు, ఆ గీతల మీద ఒక చుక్క నూనె వేసి బర్నిషర్‌తో (నున్నటి ఉక్కు పనిముట్టు) రుద్దితే రాగి అణిగి గీత పల్చబడుతుంది, మళ్ళీ ఇంకు పెట్టి ఇంకో ప్రింట్ తీయండి.