హెచ్‌ఐవీ ఉన్నవారి ఒంటి మీద తగ్గని మచ్చలు, మానని పుండ్లు: కారణం, చికిత్స

సమస్య: దురద లేదు, నొప్పి లేదు, మచ్చ మాత్రం పెరుగుతోంది

పాదాలు, పిక్కలు, ముక్కు కొన చూడండి. నోరు తెరిపించి టార్చి వేసి అంగిలి కూడా చూడాలి, చాలామంది అది మరచిపోతారు. పుస్తకాల్లోని బొమ్మల్లో ఊదారంగులో ఉండే కపోసి సార్కోమా అనే క్యాన్సర్ మన ఛాయ మీద ముదురు గోధుమగానో నల్లగానో కనిపిస్తుంది. వేలితో నొక్కినా రంగు చెదరదు. కారణం హెచ్‌హెచ్‌వీ-8 వైరస్. రోగనిరోధక శక్తి పడిపోయినప్పుడు రక్తనాళాల లోపొర కణాలను ఇది అదుపు లేకుండా పెంచుతుంది. మన దేశంలో అరుదు కాబట్టి కుష్ఠు అనుకుంటూ నెలలు గడిచిపోతాయి.

ఏం చేయాలి: కంటితో తేల్చకూడదు. మత్తు సూది వేసి 4 మి.మీ. పంచ్‌తో (గుండ్రటి చిన్న కత్తి) ముక్క తీయించాలి. దాన్ని 10 శాతం ఫార్మలిన్‌లోనే వేయాలి. సెలైన్‌లో వేస్తే ల్యాబుకు చేరేలోగా చెడిపోయి, మళ్లీ ముక్క తీయాల్సి వస్తుంది. చీటీలో హెచ్‌హెచ్‌వీ-8 స్టెయిన్ (ముక్కలో ఆ వైరస్‌ను చూపే రంగు పరీక్ష) కావాలని రాయించండి. బాసిలరీ ఆంజియోమటోసిస్ అచ్చం ఇలాగే ఉంటుంది. అది బ్యాక్టీరియా జబ్బు. డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, కనీసం మూడు నెలలు వాడితే తగ్గుతుంది. అలాంటివారికి కీమో ఎక్కించడం అన్యాయం.

కపోసి అని తేలి, మచ్చలు చర్మానికే పరిమితమైతే ముందు ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అణచే మందులు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర రోజుకొకటి. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల ఏఆర్‌టీ సెంటర్లలో ఉచితం. మచ్చలు పలచబడటానికి నెలలు పడుతుంది.

సమస్య: ఏఆర్‌టీ మొదలెట్టిన కొన్ని వారాలకే మచ్చలు ముదిరాయి

మందు పడలేదని మానేసేది ఇక్కడే. తేరుకున్న రోగనిరోధక వ్యవస్థ ఒక్కసారిగా ఎదురుతిరగడం వల్ల ఇలా అవుతుంది, దీన్ని ఐరిస్ అంటారు. మాత్ర ఆపొద్దు. వాపు తగ్గాలని స్టెరాయిడ్ మాత్రలు, సూదులు అసలే వద్దు, అవి కపోసిని ఎగదోస్తాయి. ముదురుతూనే ఉంటే కీమో కలపాలి.

సమస్య: కాలు వాచింది, లేదా ఆయాసం, దగ్గులో రక్తం, నల్లటి విరేచనం

కాలి వాపును బోదకాలు అనుకుంటారు. కపోసి వల్ల లింఫ్ నాళాలు మూసుకుపోయినా అలాగే వాస్తుంది. మిగతావి కపోసి ఊపిరితిత్తులకో పేగులకో పాకిందనడానికి గుర్తులు కావచ్చు, ఆలస్యం చేయకండి. దగ్గు ఉంటే ముందు కఫం సీబీనాట్ అనే టీబీ పరీక్షకు పంపాలి. టీబీ అని తేలి రిఫాంపిసిన్ అనే టీబీ మందు మొదలైతే డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. రోజుకు రెండుసార్లు అవసరం, లేకపోతే రక్తంలో దాని మోతాదు పడిపోతుంది.

ఇలా ముదిరిన కపోసికి ఏఆర్‌టీతో పాటు లైపోసోమల్ డాక్సోరుబిసిన్ అనే కీమో మందు, శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 20 మి.గ్రా., మూడు వారాలకోసారి. శరీర వైశాల్యం 1.5 చదరపు మీటర్లుంటే 30 మి.గ్రా. అన్నమాట. ముందుగా ఎకో (గుండె స్కాన్), రక్తకణాల పరీక్ష తప్పనిసరి. ఆ మందు దొరక్కపోతే ప్యాక్లిటాక్సెల్ చదరపు మీటరుకు 100 మి.గ్రా., రెండు వారాలకోసారి.

సమస్య: కింది పెదవి, చెవి, మలద్వారం దగ్గర నెల దాటినా మానని పుండు

ఇది స్క్వేమస్ సెల్ క్యాన్సర్ కావచ్చు. పెదవి, చెవుల మీద ఎండదే ముఖ్య పాత్ర, మలద్వారం దగ్గర హెచ్‌పీవీ అనే వైరస్‌ది. చర్మం మీద చిన్నదైతే చుట్టూ కనీసం 4 మి.మీ. మంచి చర్మంతో కోసి తీస్తారు. మలద్వారంలోపలిదైతే సాధారణంగా రేడియేషన్, కీమో కలిపి ఇస్తారు. హెచ్‌ఐవీ ఉందని సర్జన్ వెనకాడితే 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఆ వివక్షను నిషేధించిందని చెప్పండి, అవసరమైతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి.