ఫ్లెక్సీకి పనికిరాని ఫొటో: నా అనుభవం

నాన్నగారి షష్టిపూర్తికి ఫ్లెక్సీ వేయిద్దామంటే విజయవాడ నుంచి చెల్లి ఫొటో పంపింది. ఫోన్‌లో బాగానే ఉంది. ఫ్లెక్సీ షాపతను పెద్దది చేసి చూపించేసరికి మొహం గళ్లు గళ్లుగా విడిపోయింది. "ఇది ప్రింటుకి పనికిరాదండీ, ఒరిజినల్ ఉందా?" అన్నాడు.

ఫొటో వివరాలు తెరిచి చూశాను. 1600×1200 పిక్సెళ్లు, సైజు 200 కేబీ లోపే. చెల్లి ఫోన్‌లో అదే ఫొటో 4000×3000, దాదాపు 4 ఎంబీ. డేటా ఆదా కోసం చాటింగ్ యాప్‌లు మామూలుగా ఫొటోను కుదించి పంపుతాయి. ఇక స్క్రీన్‌షాట్ తీసి పంపేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు!

వాట్సాప్‌లో గ్యాలరీ జోలికి పోకుండా, పిన్ను గుర్తు నొక్కి 'డాక్యుమెంట్' ఎంచుకుని అందులోంచి పంపమన్నాను. ఉన్నది ఉన్నట్టు వచ్చేసింది. నాన్నగారి మీసంలో తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. హెచ్‌డీ బటన్ కూడా ఉంది గానీ, ఫ్లెక్సీ లాంటి పెద్ద ప్రింటుకి నా ఓటు డాక్యుమెంట్‌కే.

ఒక్క జాగ్రత్త. ఇలా పంపితే, కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో ఎక్కడ తీశారో ఆ వివరం కూడా వెంట వెళ్తుంది. ఇంట్లోవాళ్లకైతే పర్వాలేదు. షాపతనికి పంపేముందు మాత్రం దాన్ని తీసేశాను.