కొండ మీద మంట కొండెక్కితే

లంబసింగిలో ఒక డిసెంబరు తెల్లవారుజామున టీ పెడదామని క్యాంపింగ్ గ్యాస్ స్టౌ వెలిగించాం. రెండు నిమిషాలు బాగానే మండింది. తర్వాత నీలం మంట మెల్లగా కుంగిపోతూ వచ్చి, నీళ్లు గోరువెచ్చన అయ్యేసరికి దీపం కొండెక్కినట్టు ఆరిపోయింది. దాని గ్యాస్ డబ్బా ఊపితే లోపల ద్రవం గలగలమంటోంది. స్టౌ పాడైందనుకుని చల్లటి నీళ్లు తాగి దిగివచ్చాం. హైదరాబాద్‌లో వంటింటి గట్టు మీద అదే స్టౌకి అదే డబ్బా పెట్టి వెలిగిస్తే చక్కగా మండింది.

స్టౌలో ఏ లోపమూ లేదు. మేం తీసుకెళ్లిన గ్యాస్ ఆ చలికి పనికొచ్చేది కాదు, అంతే. అప్పటి నుంచి బయట స్టౌ మొరాయిస్తే బర్నర్ విప్పే ముందు రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఇందులో ఉన్న ఇంధనం ఏమిటి? నేనున్న చోటు ఎలాంటిది?

డబ్బాలో గ్యాస్ ఉంది, చలికి మంట చచ్చిపోతోంది

డబ్బాలో గ్యాస్ ద్రవంగా ఉంటుంది. అది ఆవిరై పైకి వస్తేనే మండుతుంది. మామూలు బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ కిందే ఆవిరి కావడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. సూట్‌కేసు లాంటి పెట్టెలో వచ్చే టేబుల్ స్టౌ ఉంటుంది కదా, అందులో పక్కకు పడుకోబెట్టే పొడవాటి డబ్బాలో సాధారణంగా ఉండేది బ్యూటేనే.

లంబసింగిలో ఆ రోజు సున్నా డిగ్రీలు లేవు, అయిదారు ఉన్నాయి. అయినా ఎందుకు ఆరింది? ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఇందుకే. స్టౌ మండేకొద్దీ డబ్బా తనంతట తానే చల్లబడి, సున్నా దగ్గరికి వచ్చేసరికి ఒత్తిడి పోయింది. డబ్బా మీద మంచు పొర కనిపిస్తే ఇదే కారణం అనుకోండి.

అప్పటికప్పుడు చేయగలిగేది డబ్బాను వెచ్చబరచడం. రాత్రి పడుకునేటప్పుడు స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి, పొద్దున వెలిగించే ముందు పావుగంట జాకెట్ లోపల ఉంచండి. స్టౌ కింద నిలబెట్టే గుండ్రటి డబ్బా అయితే పళ్లెంలో వేలు పెట్టగలిగేంత గోరువెచ్చటి నీళ్లు పోసి అందులో నిలబెట్టవచ్చు. ఇంకో మంట మీద మాత్రం డబ్బాను ఎప్పుడూ కాచకండి.

అసలు పరిష్కారం కొనేటప్పుడే ఉంది. చలి ప్రదేశానికి వెళ్తుంటే మర తిప్పి బిగించే గుండ్రటి డబ్బా తీసుకోండి, దాని మీద ఐసోబ్యూటేన్, ప్రొపేన్ అని రాసి ఉందో లేదో చూడండి. ఈ మిశ్రమంలో కూడా ప్రొపేనే ముందు ఖర్చవుతుంది. అందుకే సగం వాడిన డబ్బాను కింది క్యాంపుల్లో అవగొట్టి, కొత్తదాన్ని పై క్యాంపు పొద్దుటికి దాచుకోవాలి. డబ్బాను తలకిందులు చేస్తే చలిలో బాగా మండుతుందని కొందరు చెబుతారు. అది గొట్టం ఉండి, గ్యాస్‌ను ముందుగా వేడి చేసే అమరిక కూడా ఉన్న స్టౌకే సరిపోతుంది. మామూలు స్టౌలో ద్రవమే బర్నర్‌లోకి వచ్చి మంట ముఖం ఎత్తుకి లేస్తుంది.

మంట బాగానే ఉంది, నీళ్లు ఎంతకీ మరగడం లేదు

ఇది గాలి వల్ల. గాలి తగలని చోట లీటరు నీళ్లు మరగడానికి 12 నుంచి 15 గ్రాముల గ్యాస్ చాలు. గాలి కొడితే దానికి రెట్టింపు కూడా పోతుంది. ముందు గిన్నె మీద మూత పెట్టండి, బండరాయి చాటుకు జరగండి. రేకు అడ్డం పెడితే గాలి వచ్చే వైపు మాత్రమే పెట్టాలి. చుట్టూ మూసేస్తే వేడి డబ్బాకు తగిలి అది పేలుతుంది. టేబుల్ స్టౌ మీద పెద్ద పెనం పెట్టి డబ్బా ఉండే అరను కప్పేయడం కూడా ఇంతే ప్రమాదం. మధ్యమధ్య డబ్బాను చేత్తో ముట్టుకుని చూడండి. వేడిగా తగిలిందంటే వెంటనే కట్టేయండి.

నీళ్లు మరుగుతున్నాయి, పప్పు ఉడకడం లేదు

హిమాలయాలకు వెళ్లిన మనవాళ్లు ఎక్కువగా తిట్టుకునేది ఇక్కడే. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. సుమారు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుంది. 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో దాదాపు 88 డిగ్రీలకే కుతకుతలాడతాయి. ఆ వేడికి కందిపప్పు గంటలు గడిచినా పలుకుగానే ఉంటుంది, బియ్యం పైన మెత్తబడి లోపల గట్టిగా మిగులుతుంది. మంట పెంచితే నీళ్లు ఇగిరిపోతాయి, గ్యాస్ అయిపోతుంది, పప్పు మాత్రం మారదు.

నలుగురు వెళ్తుంటే రెండు లీటర్ల అల్యూమినియం ప్రెషర్ కుక్కర్ మోయడం దండగ కాదు, అది గ్యాస్‌ను బాగా మిగులుస్తుంది. కుక్కర్ వద్దనుకుంటే వంట మార్చుకోవాలి. కందిపప్పు బదులు పెసరపప్పు నానబెట్టి వాడండి. ఇంటి దగ్గరే రవ్వ వేయించి, పోపు కూడా కలిపి తీసుకెళ్తే మరిగే నీళ్లు పోసి మూత పెట్టిన పది నిమిషాలకు ఉప్మా తయారు. అటుకులకు ఆ మాత్రం కూడా అక్కర్లేదు. అమ్మమ్మలు తీర్థయాత్రలకు అటుకులు, పేలపిండి మూట కట్టుకెళ్లింది ఊరికే కాదు.

మంచు కరిగించి నీళ్లు చేసుకోవాల్సి వస్తే గ్యాస్ లెక్క తప్పుతుంది. కిలో మంచు కరగడానికి పట్టే వేడితో కిలో నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అంటే దాదాపు రెట్టింపు గ్యాస్ ఉండాలి. గిన్నె అడుగున కాసిని నీళ్లు పోసి, ఆ తర్వాతే మంచు వేయండి, లేకపోతే గిన్నె మాడుతుంది.

మంట పసుపుగా ఉంది, గిన్నెకు మసి పడుతోంది

గ్యాస్ స్టౌలో అయితే గాలి లోపలికి వెళ్లే రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. దుమ్ము కావచ్చు, సాలీడు గూడు కావచ్చు. సంచిలో ఏడాది పడున్న స్టౌలో ఇది మామూలే. ఊది, మెత్తటి బ్రష్షుతో శుభ్రం చేయండి.

కిరసనాయిలు పంపు స్టౌ అయితే తల సరిగా వేడెక్కక ముందే పంపు కొట్టారన్నమాట. నూనె ఆవిరి కాకుండా ద్రవంగానే చిమ్ముతోంది. గాలి వదిలేసి, చల్లారనిచ్చి, బర్నర్ కింది కప్పులో మళ్లీ స్పిరిట్ పోసి పూర్తిగా మండనివ్వండి. పంపు కొడుతున్నా ఒత్తిడి రాకపోతే తోలు వాషర్ ఎండిపోయినట్టు. రెండు చుక్కల నూనె రాస్తే చాలు. బర్నర్ చిల్లు మూసుకుంటే పిన్ను ఉండనే ఉంది. కిరసనాయిలు దొరకలేదని ఆ స్టౌలో పెట్రోలు మాత్రం పోయకండి.

స్పిరిట్ స్టౌకి మసి ఉండదు, పాడయ్యే భాగమూ లేదు. కానీ ఎండలో ఆ మంట కంటికి కనిపించదు. ఆరిపోయిందనుకుని సీసా వంచితే సీసా కూడా అంటుకుంటుంది. బర్నర్ చల్లారిందని పైన చెయ్యి ఆడించి నిర్ధారించుకున్నాకే మళ్లీ పోయండి.

గ్యాస్ వాసన వస్తోంది

బిగించే చోట రబ్బరు వాషర్ చిట్లి ఉంటుంది, లేదా మర వంకరగా ఎక్కి ఉంటుంది. సబ్బు నురగ రాస్తే బుడగలు ఎక్కడ వస్తున్నాయో తెలుస్తుంది. అగ్గిపుల్ల వెలిగించి చూడకండి. ఈ గ్యాస్ గాలికంటే బరువైనది కాబట్టి పల్లంలో, టెంట్ నేల మీద పేరుకుంటుంది. డబ్బా ఎప్పుడు మార్చినా ఆరుబయటే మార్చాలి.

టెంట్‌లో వండుతుంటే తలనొప్పి, వికారం, మగత

ఈ సమస్యను తక్కువగా చూడకండి. మూసిన టెంట్‌లో స్టౌ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కొండ ఎత్తు పడనప్పుడు కూడా ఇవే లక్షణాలు వస్తాయి కాబట్టి చాలామంది ఎత్తు వల్లే అనుకుని జిప్పు బిగించుకుని పడుకుంటారు. టెంట్‌లో ఉన్న అందరికీ ఒకేసారి తల బరువెక్కినా, బయటికి రాగానే తేలికపడినా అనుమానం మంట మీదే. ముందు మనుషుల్ని బయటికి లాగండి, స్టౌ సంగతి తర్వాత. మాట తడబడుతున్నా, లేపితే లేవకపోయినా ఆక్సిజన్, ఆసుపత్రి తప్పనిసరి. వెచ్చదనం కోసం కుంపటి, బొగ్గులు లోపల పెట్టుకోవడం ఇంకా ఘోరం. వాన పడుతున్నా వంట బయటే, గొడుగు పట్టుకునైనా సరే.

స్టౌ ఉంది, గ్యాస్ తీసుకెళ్లే దారి లేదు

విమానంలో గ్యాస్ డబ్బా ఏ బ్యాగులోనూ కుదరదు. రైల్లో అయితే 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల బోగీలో, దొంగచాటుగా తెచ్చిన సిలిండర్ వల్ల మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. ఎవరూ చూడరులే అనిపించినప్పుడు ఆ బోగీ గుర్తుకు రావాలి. స్టౌ ఒక్కటే తీసుకెళ్లి, గ్యాస్ డెహ్రాడూన్‌లోనో మనాలీలోనో లేహ్‌లోనో కొనుక్కోండి. ఆ దుకాణాల్లో దొరికే డబ్బా మర మీ స్టౌకి సరిపోతుందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి. ఇంటి సిలిండర్ నుంచి చిన్న డబ్బాలోకి గ్యాస్ ఎక్కించుకోవడం వద్దు, ఎక్కువ నిండితే పేలుతుంది.

డబ్బాలో ఎంత మిగిలిందో తెలియడం లేదు

కొన్న రోజే వంటింటి త్రాసు మీద తూచి, బరువును మార్కర్‌తో డబ్బా మీద రాయండి. తిరిగొచ్చాక మళ్లీ తూస్తే ఎంత ఖర్చయిందో తెలుస్తుంది. ఇద్దరికి టీలు, రెండు పూటల వంట కలిపి రోజుకు 60 నుంచి 70 గ్రాములని నా లెక్క. ఆ లెక్కన 230 గ్రాముల డబ్బా మూడు రోజులు వస్తుంది, మంచులో అయితే ఇంకా తక్కువ. తడికి స్టౌ మీటకు నిప్పురవ్వ రాకపోవచ్చు కాబట్టి డబ్బాతో పాటు రెండు అగ్గిపెట్టెలు, ఒకటి జేబులో, ఇంకొకటి ప్లాస్టిక్ కవరులో చుట్టి సంచి అడుగున.