కరెంటు తీగ కట్టబోయే ముందు

మొన్న పక్క ఊళ్లో మక్క చేనుకు పందుల కోసం కట్టిన తీగ తగిలి ఒకాయన పోయాడు. దొంగేం కాదు. తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ టార్చిలైటుతో వచ్చిన పక్క చేను రైతు. బర్రె అప్పటికే పడి ఉంది. దాన్ని లేపబోయాడు.

కంకులు పాలు పోసుకునే రోజులివి. పందుల బాధ, పశువుల పంచాయితీ రెండూ ఇప్పుడే. ముళ్లకంప, మంచె, కావలి మీకు తెలిసినవే. నేను చెప్పేది ఒక్కటే: మోటారు స్టార్టర్ డబ్బా నుంచి కంచెకు తీగ లాగొద్దు.

"రాత్రి పెట్టి పొద్దున్నే తీసేస్తా" అంటారు అందరూ. నాకు తెలిసిన రెండు ఇళ్లలో పొద్దున్నే చేనుకు పోయింది తీగ కట్టినవాడు కాదు. ఒకచోట భార్య, ఇంకోచోట తండ్రి.

కంచె సంగతి

సోలార్ కంచె మిషన్ సెకనుకోసారి దెబ్బ కొట్టి వదులుతుంది, ఆ సందులో చెయ్యి లాక్కోవచ్చు. మోటారు లైన్ వదలదు, కండరాలు బిగుసుకుపోతాయి. బ్యాటరీ దిగిపోయిందని ఆ తీగనే లైనుకు తగిలించేవాళ్లున్నారు. వద్దు. తెలంగాణలో 2018 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు, "రాత్రి సప్లై ఉండదులే" అన్న పాత లెక్క మర్చిపోండి.

మనిషి పోతే భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షన్ కింద పదేళ్ల దాకా జైలు పడొచ్చు. కరెంటు దొంగతనం కేసు వేరే. నా పొలంలో నా తీగ అంటే చెల్లదు.

పశువు చేలో పడితే

1871 నాటి పశువుల చట్టం ఇంకా ఉంది. మేస్తున్న పశువును పట్టుకోవచ్చు, కానీ 24 గంటల్లోపు బందెలదొడ్డికి, అంటే పట్టుకున్న పశువుల్ని పెట్టే ఊరి దొడ్డికి తోలాలి. ఇంట్లో కట్టేసి డబ్బడిగితే తప్పు మీదవుతుంది. యజమాని దాన్ని బలవంతంగా విడిపించుకుపోతే ఆర్నెల్ల దాకా జైలో, 500 రూపాయల దాకా జరిమానానో, రెండూనో. దొడ్డి లేని ఊళ్లో ఫొటోలు తీసి, ఇద్దరిని సాక్షులుగా పెట్టుకొని, పంచాయతీ కార్యదర్శికి కాగితం ఇవ్వండి.

ఇంకొన్ని:

- గట్టున గుళికలు కలిపిన తవుడు పెట్టొద్దు. పశువును చంపితే ఐదేళ్ల దాకా జైలు.
- గొడ్డలి పట్టుకొని పంచాయితీకి పోవద్దు. తాగి అసలే పోవద్దు.
- చీకట్లో పక్కవాళ్ల చేను గట్టు తొక్కొద్దు. బర్రె రాకపోతే ముందు ఆ రైతుకు ఫోన్ చేయండి, తీగ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి.
- పడి ఉన్న పశువును ముట్టుకోవద్దు. మనిషినైనా సరే. లైన్‌మన్‌కో 1912కో ఫోన్ చేసి, కరెంటు ఆగిందని తెలిశాకే చెయ్యి వేయండి.
- మేకల వెంట పిల్లల్ని పంపొద్దు.
- "నేను ఇక్కడే పడుకున్నా కదా" అని తీగ పెట్టొద్దు. నిద్ర పడుతుంది.
- ఒక్క రాత్రికే అని పెట్టొద్దు. పొద్దున్నే తీసేస్తానని పెట్టొద్దు.
- ఇప్పటికే కట్టి ఉంటే మెయిన్ ఆపి, విప్పి, చుట్ట చుట్టి ఇంటికి తెచ్చేయండి. స్టార్టర్ పక్కనే వదిలేస్తే రేపు రాత్రి మళ్లీ చెయ్యి దాని మీదికే పోతుంది.