ఎం271 కొంప్రెసర్ ఇంజిన్: ఐడిల్‌లో వణుకు, పొగ పరీక్షకు చిక్కని గాలి లీకు

మెర్సిడెస్ సీ200 కొంప్రెసర్, ఈ200 కొంప్రెసర్, ఎస్‌ఎల్‌కే200 కొంప్రెసర్ కార్లలో 2002 నుంచి వచ్చిన 1.8 లీటర్ల ఎం271 ఇంజిన్ గురించి ఇది. బెల్టుతో సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంపు) తిరిగే రకానికే ఇక్కడి మాటలు వర్తిస్తాయి. తర్వాత వచ్చిన టర్బో ఎం271 కథ వేరు. మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతున్న డబ్ల్యూ203, డబ్ల్యూ204 సీ-క్లాసుల్లో ఈ ఇంజిన్ చాలానే కనిపిస్తుంది. స్పానర్ పట్టడం, స్కానర్ తగిలించడం వచ్చినవారి కోసం రాస్తున్నాను కాబట్టి బ్యాటరీ నెగటివ్ ఎలా విప్పాలో చెప్పను.

సమస్య ఎప్పుడూ ఒకే రకంగా వస్తుంది. ఐడిల్‌లో ఆర్‌పీఎం ముల్లు నిలకడగా ఉండదు, సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతుంది. ఒక్కోసారి సన్నని ఈల వినిపిస్తుంది. కొన్నాళ్లకు చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. స్కానర్ పీ0171 చూపిస్తుంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఆ కోడ్ చూడగానే లోపలికి వచ్చే గాలిని కొలిచే ఎయిర్ మాస్ సెన్సర్ కొనేస్తారు. అది మారినా వణుకు పోదు. తర్వాత ప్లగ్గులు, కాయిల్స్, ఆక్సిజన్ సెన్సర్ వంతు. ఇంత ఖర్చయ్యాక గాని ఎవరికీ అసలు ప్రశ్న గుర్తుకు రాదు: కొలతకు రాని గాలి లోపలికి ఎక్కడి నుంచి వస్తోంది?

ఖర్చు లేని తనిఖీలు

వణుకు ఎప్పుడు మొదలైంది? ఎయిర్ ఫిల్టర్ మార్చిన వారంలోనే అయితే ఇంకేమీ విప్పకండి, ఫిల్టర్ పెట్టె మళ్లీ తెరవండి. సెన్సర్ గొట్టం దగ్గరి రబ్బరు సీలు మడతపడి కూర్చుందా, క్లిప్పులన్నీ పడ్డాయా చూడండి. సెన్సర్ దాటాక సూపర్‌ఛార్జర్ వరకు ఉన్న దారిలో ఎక్కడ సందు ఉన్నా ఇంజిన్ అక్కడి నుంచి సెన్సర్ లెక్కకు రాని గాలి పీల్చుకుంటుంది. ఆయిల్ మూత సీలు, డిప్‌స్టిక్ గొట్టం మూత, బ్రేక్ బూస్టర్ గొట్టం కూడా ఇదే విడతలో చూసేయాలి. అంతా కలిపి పది నిమిషాల పని. ఈ పని చేయకుండా సెన్సర్ బిల్లు పట్టుకుని వచ్చేవారిని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు, అంటే ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచి, తగ్గించి దిద్దుకుంటోందో చూడండి. కోడ్ కంటే ఇవి వందరెట్లు ఎక్కువ చెబుతాయి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి మరోసారి చదవాలి. ఐడిల్‌లో ప్లస్ 15, 20 శాతం ఉండి, 2500 దగ్గర 3, 4 శాతానికి దిగివస్తే అది థ్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే రెక్క) తర్వాత గాలి లీకు. సందులోంచి వచ్చే గాలి దాదాపు అంతే ఉంటుంది, ఇంజిన్ మొత్తంగా పీల్చే గాలి పెరిగేకొద్దీ దాని వాటా తగ్గిపోతుంది. అంకెలు తిరగబడి, ఐడిల్‌లో మామూలుగా ఉండి వేగం, బరువు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే అనుమానించవలసింది మాస్ సెన్సర్‌ను, పెట్రోలు ప్రెషర్‌ను. మెర్సిడెస్ సొంత డయాగ్నస్టిక్ పరికరం ఉంటే ఐడిల్ దిద్దుబాటు, పార్ట్ లోడ్ దిద్దుబాటు విడివిడిగా కనిపిస్తాయి. ఇంకా సుఖం.

అసలు దొంగ: మానిఫోల్డ్ కింది బ్రీదర్ గొట్టం

ట్రిమ్ అంకెలు లీకు అంటున్నాయి, పైకి కనిపించే గొట్టాలన్నీ బాగున్నాయి, పొగ పరీక్ష (గాలి దారిలోకి యంత్రంతో పొగ పంపి, ఎక్కడ బయటికి తేలుతుందో చూడడం) చేస్తే ఎక్కడా పొగ రాలేదు. అయినా వణుకు తగ్గలేదు. ఇంత వరకు వచ్చి ఆగిపోయారా? ఈ ఇంజిన్‌లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఏడిపించింది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

క్రాంక్‌కేసులో, అంటే ఇంజిన్ అడుగున క్రాంక్ తిరిగే గదిలో, పేరుకునే ఆవిరులు రెండు దారుల్లో బయటికి పోతాయి. గట్టిగా తొక్కినప్పుడు పైన కవరు నుంచి సూపర్‌ఛార్జర్ ముందున్న గొట్టంలోకి. నెమ్మదిగా నడిచేటప్పుడు, ఐడిల్‌లో, బ్లాకు పక్కనున్న ఆయిల్ సెపరేటర్ నుంచి సన్నని రబ్బరు గొట్టం గుండా నేరుగా, సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి. రెండో గొట్టం మానిఫోల్డ్ కింద దాగి ఉంటుంది. లోపల ఆయిల్ ఆవిరి, బయట ఇంజిన్ వేడి. కొన్నేళ్లకు వంపు దగ్గర రబ్బరు పాడవుతుంది, కొన్నిటిలో మెత్తబడి చీలుతుంది, కొన్నిటిలో అప్పడంలా విరిగి ముక్కలు చేతికొస్తాయి. చీలిక ఎక్కువగా వంపు అడుగు భాగాన ఉంటుంది. పైనుంచి టార్చి వేసి చూస్తే గొట్టం నిక్షేపంగా కనిపిస్తుంది. వేలు కిందికి పోనిచ్చి వంపు వెంట రాస్తే నల్లటి జిడ్డు, దానితోపాటు రబ్బరు నలుసులు అంటుకుంటాయి.

పొగ పరీక్షకు ఇది ఎందుకు చిక్కదో తెలియాలంటే సూపర్‌ఛార్జర్ ఉన్న ఇంజిన్ తీరు గుర్తుపెట్టుకోవాలి. మానిఫోల్డ్‌లో ఐడిల్‌లో వాక్యూమ్ ఉంటుంది, తొక్కితే బూస్ట్ ప్రెషర్ వస్తుంది. ఆ ప్రెషర్ క్రాంక్‌కేసులోకి పోకుండా ఈ గొట్టం దారిలో గాలిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్ ఒకటి ఉంటుంది. వాక్యూమ్ ఉంటే తెరుచుకుంటుంది, ప్రెషర్ వస్తే మూసుకుంటుంది. మీ పొగ యంత్రం మానిఫోల్డ్‌లోకి పంపేది ప్రెషరే కదా! వాల్వ్ మూసుకుంటుంది, దాని అవతల ఉన్న చీలిక దాకా పొగ చేరదు. ఇంజిన్ స్టార్ట్ చేయగానే వాక్యూమ్‌కు వాల్వ్ తెరుచుకుని, చీలికలోంచి గాలి ధారాళంగా పోతుంది. అందుకే పరీక్ష నెగ్గిన బండి మర్నాడే అదే వణుకుతో తిరిగి వస్తుంది.

పొగను రెండుసార్లు, రెండు వైపుల నుంచి పంపాలి. మొదట బ్రేక్ బూస్టర్ గొట్టం గుండా మానిఫోల్డ్‌లోకి. ఫిల్టర్ వైపు నుంచి పంపితే దారిలో సూపర్‌ఛార్జర్ రోటర్లు, మూసి ఉన్న థ్రాటిల్ అడ్డుపడి, అవతలికి చేరే పొగ సరిపోదు. ఈ విడతలో గ్యాస్కెట్లు, ఇంజెక్టర్ సీళ్లు తేలిపోతాయి. రెండోసారి డిప్‌స్టిక్ గొట్టం గుండా క్రాంక్‌కేసులోకి. దీనికి ముందు సూపర్‌ఛార్జర్ వైపు వెళ్లే పై బ్రీదర్ గొట్టాన్ని తీసి రెండు కొసలూ బిగించి మూయాలి, లేకపోతే పొగంతా ఆ దారినే పోయి ఫిల్టర్ పెట్టెలో తేలుతుంది. ప్రెషర్ అర పీఎస్‌ఐ దాటనివ్వకండి. షెడ్డులోని ఎయిర్ కంప్రెసర్ గొట్టం తెచ్చి దూర్చారంటే క్రాంక్ సీళ్లకు కొత్త పని తగులుతుంది. కాసేపటికి మానిఫోల్డ్ కింద నుంచి పొగ తేలితే గొట్టం దొరికినట్టే.

పొగ యంత్రం లేనివారికి ఒక మోటు పరీక్ష ఉంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తెరవండి. బాగున్న ఇంజిన్‌లో మూత తీయగానే ఐడిల్ కాస్త తడబడుతుంది. ఏ మార్పూ లేకపోతే గాలి అప్పటికే మరో దారిన పోతున్నట్టు. దీన్ని అనుమానానికి బలంగా తీసుకోండి, సాక్ష్యంగా కాదు. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి వెతికే అలవాటు మాత్రం ఇక్కడ మానండి. ఆ మూలకు స్ప్రే చేరదు, వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంట లేస్తుంది.

విప్పడం, మార్చడం

కింద నుంచి చెయ్యి పెట్టి, తడుముతూ, మానిఫోల్డ్ తీయకుండానే గొట్టం మార్చేవాళ్లు ఉన్నారు. సన్నటి చేతులుండి ఓపిక ఉంటే కుదురుతుంది. నేను సిఫార్సు చేయను. విరిగిన గొట్టం ముక్క సెపరేటర్ నోట్లో ఉండిపోయిందా, క్లిప్పు సరిగ్గా కూర్చుందా అన్నది చూడకుండా పని ముగిస్తే మళ్లీ అంతా విప్పవలసి వస్తుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక పెట్రోలు ప్రెషర్ దించండి. ఫిల్టర్ పెట్టె, థ్రాటిల్‌కు వచ్చే గాలి గొట్టం తీయండి. కనెక్టర్లు విప్పేముందు ఫోనులో ఫొటోలు తీసుకోండి. పాతబడిన ప్లాస్టిక్ నాలుకలు స్క్రూడ్రైవర్‌తో లేపితే విరుగుతాయి, నొక్కి ఉంచి లాగాలి. ఈ ఇంజిన్ మీద తల బయటి వైపు నక్షత్రంలా ఉండే ఈ-టార్క్స్ బోల్టులు ఎదురవుతాయి. వాటి సాకెట్లు లేకుండా పన్నెండు పలకల సాకెట్‌తో లాగితే తల గుండ్రమవుతుంది, అదీ చెయ్యి దూరని చోట. పొడవాటి ఎక్స్‌టెన్షన్, దాని కొసన మెడ తిరిగే జాయింటు ఉండాలి. మానిఫోల్డ్ కింది వరస బోల్టులకు వేరే దారి లేదు.

మానిఫోల్డ్ వెనక్కి జరగగానే హెడ్ రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఒక్క నట్టు లోపలికి జారితే బండి ఖరీదులో సగం అక్కడే పోతుంది.

గొట్టాన్ని వంపు, చెక్ వాల్వ్‌తో సహా సెట్టుగా కొనండి. మార్కెట్లో దొరికే నీళ్ల గొట్టం ముక్క కోసి క్లిప్పులు బిగించే మరమ్మతు నేను చాలా బండ్లలో చూశాను. కూలెంట్ గొట్టాలకు వాడే ఈపీడీఎం రబ్బరు ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, వాక్యూమ్‌కు లోపలికి అతుక్కుపోతుంది. దానితో క్రాంక్‌కేసుకు ఊపిరి ఆడదు. చెక్ వాల్వ్ బిగించేముందు నోటితో ఊదండి: సెపరేటర్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, మానిఫోల్డ్ వైపు నుంచి పోకూడదు. తిరగేసి బిగిస్తే, లేదా పాత వాల్వ్ తెరుచుకుని ఉండిపోతే, తొక్కినప్పుడల్లా బూస్ట్ క్రాంక్‌కేసులోకి పోయి ఆయిల్‌ను సీళ్లలోంచి బయటికి నెడుతుంది. ఎన్ని సీళ్లు మార్చినా ఆయిల్ కారడం ఆగని ఇంజిన్‌లో ముందు ఈ వాల్వ్ ఊది చూడండి.

మానిఫోల్డ్ గ్యాస్కెట్ కొత్తది వేయాలి, పాతది బాగుందనిపించినా సరే. బోల్టులు మధ్య నుంచి అంచులకు, టార్క్ రెంచితో, సర్వీసు మాన్యువల్ చెప్పిన అంకెకు.

సర్దుబాటు

గొట్టం మార్చడంతో పని పూర్తి కాలేదు. కంప్యూటర్ ఇన్నాళ్లూ లీకుకు తగ్గట్టు పెట్రోలు పెంచుకుంటూ వచ్చింది. పాత దిద్దుబాట్లు చెరపకపోతే మొదటి రోజు పెట్రోలు ఎక్కువై నల్లపొగ, వాసన వస్తాయి, పని చెడిపోయిందని యజమాని ఫోను చేస్తాడు. స్కానర్‌తో దిద్దుబాట్లు చెరిపి, థ్రాటిల్ అడాప్టేషన్ చేయించండి. థ్రాటిల్ మురికిగా ఉంటే ముందు శుభ్రం చేయాలి, లేకపోతే ఆ మురికి స్థానాన్నే కొత్తగా నేర్చుకుంటుంది. సూపర్‌ఛార్జర్ గాలిని వెనక్కి తిప్పే ఫ్లాపు మోటారును మార్చి ఉంటే దాని స్థానాలనూ పరికరంతోనే నేర్పించాలి. ఆ ఫ్లాపును చేత్తో తిప్పి సరిచేసే ప్రయత్నం చేయవద్దు, లోపలి పళ్లు అరుగుతాయి.

తర్వాత ఊళ్లోనూ హైవే మీదా నడిపి ట్రిమ్ మళ్లీ చదవండి. ఐడిల్‌లోనూ 2500 దగ్గరా ప్లస్ మైనస్ 5 శాతం లోపల ఉంటే పని అయిపోయింది. ఐడిల్‌లో ఇంకా 10 దగ్గర నిలిస్తే రెండో సందు ఉంది, ఇంజెక్టర్ సీళ్లు చూడండి. ఆయిల్ 229.3 గానీ 229.5 గానీ అని డబ్బా మీద మెర్సిడెస్ ఆమోదం ఉన్నదే పోయండి.

మిగిలినవి

క్యామ్‌షాఫ్ట్ మాగ్నెట్ల కనెక్టర్ విప్పితే లోపల ఆయిల్ కనిపించిందా? మాగ్నెట్లు మార్చండి. ఆయిల్ వైర్ల వెంట పాకి కంప్యూటర్ దాకా వెళ్లగలదు, నాన్చకండి. బూస్ట్ లేక బండి లాగకపోతే, ఐడిల్ మాత్రం బాగుంటే, ఇంటర్‌కూలర్ గొట్టాల అతుకుల దగ్గర ఆయిల్ చెమ్మ వెతకండి. సూపర్‌ఛార్జర్ రోటర్లు అరిగిపోవడం, కంప్యూటర్ చెడిపోవడం లాంటివి అరుదు. వాటితో మొదలుపెట్టే మెకానిక్‌కు బండి ఇవ్వకండి.

ఒక్కటి మాత్రం పక్కన పెట్టకూడదు. పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో ముందు వైపు గలగల చప్పుడు వచ్చి ఆగిపోతుంటే అది గాలి లీకు కాదు. టైమింగ్ చైన్ సాగి ఉండవచ్చు, క్యామ్ అడ్జస్టర్ పళ్లు అరిగి ఉండవచ్చు. ఈ ఇంజిన్‌కు పేరున్న జబ్బే అది. క్రాంకుకూ క్యామ్‌కూ పొంతన కుదరలేదన్న కోడ్ కూడా తోడైతే గొట్టాల సంగతి తర్వాత చూసుకోవచ్చు, బండిని నడపకుండా లారీ మీద షెడ్డుకు పంపండి.