ఇంట్లో హైడ్రోపోనిక్ తొట్టె మొదలుపెట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

హైడ్రోపోనిక్ అంటే మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీటిలో మొక్కలు పెంచడం. కనుక విత్తనం వేయకముందే నీటిని పరీక్షించండి. హైదరాబాదులో చాలా ఇళ్ల బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు 300 పీపీఎం (పది లక్షల పాళ్లలో 300) దాటి చూపిస్తే ఆర్.ఓ. నీటినో, వడగట్టిన వాన నీటినో సగానికి సగం కలుపుకోవడం మేలు.

అన్నిటికన్నా ముఖ్యం, ఏ, బీ అని రెండు సీసాల్లో విడివిడిగా వచ్చే పోషక ద్రావణాలను చిక్కగా ఉన్నప్పుడు ఒకదానిలో ఒకటి ఎన్నడూ పోయకండి. ఏ సీసాలోని కాల్షియం, బీ సీసాలోని సల్ఫేటు, ఫాస్ఫేటులతో కలిసి తెల్లటి మడ్డిగా అడుగుకు దిగిపోతుంది; ఆ మడ్డి వేళ్లకు అందదు. తొట్టెలో నీళ్లు నింపి, ఏ కలిపి బాగా తిప్పిన తరువాతే బీ పోసి, ఆపైన పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలతను) 5.5 నుంచి 6.5 మధ్యకు తీసుకురండి. పీహెచ్ తగ్గించే ఆమ్లం సీసా పిల్లల చేతికి అందకూడదు.

వెలుతురు సోకిన నీటిలో పాచి పడుతుంది కనుక తొట్టె మూతపై మొక్కలు పెట్టని ఖాళీ రంధ్రాలను మూసివేయండి.

పంపు వైరు ప్లగ్గుకన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా అమర్చితే, వైరు వెంట జారిన నీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

నీరు 25 డిగ్రీలు దాటితే వేరుకుళ్లు భయం పెరుగుతుంది. అందుకే వేసవిలో ఆరంభించేవారు కొత్తిమీరకు బదులు వేడిని తట్టుకునే తులసితో మొదలుపెట్టాలని నా సలహా.