వానలకు ముందే చైనా కన్నుపూసలను సర్దుకోండి

క్రీ.పూ. 5–3 శతాబ్దాల నాటి చైనా కన్నుపూసల్లో (కన్నుల్లాంటి గీతలున్న పూసలు) చాలావాటిది సీసం, బేరియం కలిసిన గాజు. శతాబ్దాలు మట్టిలో ఉండటంతో పైభాగం పొరలు పొరలుగా విడిపోయి ఉంటుంది. సేకర్తలు మోజుపడే రంగుల మెరుపు ఆ పొరదే. అది ఊడిందంటే కన్నుల గీతలూ దాంతోపాటే పోవచ్చు.

జూన్ రాకముందే పూసలను చెక్కపెట్టెల్లోంచి తీసేయండి. చెక్క, ప్లైవుడ్ వదిలే ఆమ్లపు ఆవిరి తేమతో కలిసి సీసాన్ని తినేస్తుంది. తెల్లటి పొడి రాలుతుంది. గట్టిగా మూతపడే పాలీప్రొపిలీన్ డబ్బా తీసుకుని, ఆమ్లం లేని టిష్యూ పరిచి, ఒక్కో పూసకు ఒక్కో గుంట చేయండి. దూది వద్దు, దాని పోగులు విడిపోతున్న పొరను పట్టి లాగుతాయి. దండగా గుచ్చినవి ఒకదానికొకటి రాసుకుంటాయి కాబట్టి దారం కోసి విడదీయడమే మేలు.

సిలికా జెల్ లీటరు డబ్బాకు సుమారు 20 గ్రాములు చాలు. చిన్న హైగ్రోమీటర్ లోపల పెట్టి తేమ 40–50 శాతం మధ్య ఉందో లేదో చూడండి. పూర్తిగా ఎండిన జెల్ మొదట్లో తేమను మరీ కిందికి లాగుతుంది, పొర బీటలు వారుతుంది. కాబట్టి ముందు ఒకటి రెండు పొట్లాలే వేసి, రీడింగ్ చూస్తూ పెంచండి.

కడగడం మాత్రం అసలు వద్దు. ఇత్తడి సామాన్లకు పట్టించినట్టు చింతపండో నిమ్మకాయో తగిలిస్తే పూస అక్కడితో సరి. కొబ్బరినూనె మెరుపు తెస్తుంది గానీ పొరల్లోకి ఇంకి దుమ్మును పట్టి ఉంచుతుంది. వదులు దుమ్మును మెత్తటి పొడి కుంచెతో, గట్టిగా అంటినచోట ముట్టకుండా, దులిపితే చాలు.

రాలే తెల్లపొడిలో సీసం ఉంటుంది. ఊదకండి, నైట్రైల్ గ్లౌజులు వేసుకుని తడిగుడ్డతో బల్ల తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పిల్లలకు అందనివ్వకండి, ఒంటిమీద వేసుకోకండి.

అన్ని పూసలూ ఒకే గాజువి కావు. చైనాలోని హుబేలో, పాతకాలపు జెంగ్ రాజ్యాన్ని ఏలిన యీ అనే ప్రభువు సమాధిలో దొరికినవి సోడా-సున్నం గాజువి, పడమటి దేశాల నుంచి వచ్చినవి. అందుకే ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరీక్షలో (ఎక్స్-కిరణాలతో పూసలోని మూలకాలను చూసే పరీక్ష) బేరియం కనిపించకపోయినంత మాత్రాన నకిలీ అనలేం. సోడా గాజు జబ్బు చేస్తే చెమర్చి జిగటగా అవుతుంది. అలాంటిది కనబడితే వెంటనే వేరే డబ్బాలోకి మార్చండి.